ప్రైవేట్ ఈక్విటీలో మన అమ్మాయిలు: ఏ ఆఫీసులో చేరాలో చేరకముందే తేల్చుకోవాలి

హైదరాబాద్‌లో కేర్ ఆస్పత్రి పేరు తెలియని కుటుంబం ఉండదు. ఆ ఆస్పత్రులకు యజమాని ఎవరని అడిగితే మాత్రం చాలామంది డాక్టర్ల పేర్లే చెబుతారు. అసలు సంగతి వేరు. 2012లో అమెరికా సంస్థ అడ్వెంట్ ఇంటర్నేషనల్ అందులో పెద్ద వాటా కొన్నది. 2016లో అది దుబాయ్‌కి చెందిన అబ్రాజ్ గ్రూప్ చేతికి వెళ్లింది. 2018లో అబ్రాజ్ కుప్పకూలింది. దాని ఆరోగ్య ఫండ్ బాధ్యత తర్వాతి ఏడాది అమెరికా సంస్థ టీపీజీకి మారింది. 2023లో బ్లాక్‌స్టోన్ కొనుగోలు ఒప్పందం కుదుర్చుకుంది. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా వైద్యం చేసే సంస్థ కాదు. నాలుగూ ప్రైవేట్ ఈక్విటీ సంస్థలే. మన ఊరి మందుల కంపెనీ గ్లాండ్ ఫార్మాలో ఒకప్పుడు కేకేఆర్ వాటా పెట్టింది. సువెన్ ఫార్మాను అడ్వెంట్ తీసుకుంది. అవీ ఇదే కోవలోవి.

అంటే మనం చూపించుకునే ఆస్పత్రి, మింగే మందు, పిల్లల్ని పంపే స్కూలు ఎవరి చేతుల్లో ఉండాలో తేల్చే గదులు కొన్ని ఉన్నాయి. ఆ గదుల్లో ఆడవాళ్లు చాలా తక్కువ. మన ఇళ్ల అమ్మాయిల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

ఈ మధ్య పరిస్థితి కొంచెం మారుతోంది. సీఏ, ఎంబీఏ, సీఎఫ్ఏ చదివే అమ్మాయిలు మన కుటుంబాల్లో కూడా కనిపిస్తున్నారు. వాళ్లలో ఒకరికి రేపు ముంబైలోని ఏదో ఫండ్ నుంచి ఉద్యోగం ఆఫర్ వస్తే ఇంట్లో వినిపించే మొదటి ప్రశ్న తెలిసిందే: "అంతా మగవాళ్లే ఉంటారట కదా, పంపాలా వద్దా?" ఈ ప్రశ్న తప్పు కాదు. కానీ దీనికి అవునో కాదో జవాబు చెప్పేస్తే పని అయిపోదు. ఒకే రంగంలో రెండు ఆఫీసుల మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంటుంది. ఏ ఆఫీసు అన్నదే అసలు ప్రశ్న. దాన్ని చేరకముందే అడగాలి. చేరాక అడిగితే ఎందుకు లాభం ఉండదో అర్థం కావాలంటే ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలియాలి.

అసలు ఈ వ్యాపారం ఏంటి?

పెద్ద పెద్ద పెన్షన్ సంస్థలు, బీమా కంపెనీలు, సంపన్న కుటుంబాలు డబ్బు తెచ్చి ఒక ఫండ్‌లో పెడతాయి. మన దేశంలో సెబీ 2012 నిబంధనల ప్రకారం ఇలాంటి ఫండ్లలో ఒక ఇన్వెస్టర్ మామూలుగా కనీసం 1 కోటి రూపాయలు పెట్టాలి. ఆ డబ్బుతో కంపెనీల్లో వాటాలు కొని, కొన్నేళ్లు పెంచి, అమ్మి లాభం తీయడం ఫండ్ నడిపేవాళ్ల పని. ఫండ్ ఆయుష్షు మామూలుగా 10 ఏళ్లు. మొదటి ఐదేళ్లు కొనడం, తర్వాత అమ్మడం.

నడిపేవాళ్లకు రెండు రకాల ఆదాయం ఉంటుంది. ఏటా ఫండ్‌లో సుమారు 2 శాతం ఫీజు. జీతాలు, ఆఫీసు ఖర్చులు ఇందులోంచి వస్తాయి. చివర్లో లాభం వస్తే అందులో 20 శాతం వాటా. దీన్ని క్యారీ అంటారు. మామూలుగా ఇన్వెస్టర్లకు ముందుగా ఏడాదికి 8 శాతం చొప్పున రాబడి ముట్టాకే క్యారీ లెక్క మొదలవుతుంది.

ఒక లెక్క చూద్దాం. 1,000 కోట్ల ఫండ్ 2,000 కోట్లు అయిందనుకోండి. లాభం 1,000 కోట్లు. అందులో 20 శాతం అంటే 200 కోట్లు. ఆ 200 కోట్లను పంచుకునేది ఎంతమంది? చాలా ఫండ్లలో పది పదిహేను మందే. ఆ క్యారీలో ఒక్క శాతం మీ అమ్మాయి పేరున రాసి ఉంటే 2 కోట్లు. పేరే లేకపోతే సున్నా. జీతం ఇద్దరికీ ఒకేలా కనిపించవచ్చు. పదేళ్ల తర్వాత ఒకరు ఇల్లు కొంటారు, ఇంకొకరు ఇంకా కిరాయి ఇంట్లోనే ఉంటారు.

ఈ ఏర్పాటు మనకు మరీ కొత్తదేం కాదు. ఒకరు డబ్బు పెట్టడం, ఇంకొకరు కష్టపడటం, లాభాన్ని ముందే ఒప్పుకున్న పాళ్లలో పంచుకోవడం. దీన్నే మన ఫిఖ్హ్‌లో ముదారబా అంటాం. హజ్రత్ ఖదీజా (రజియల్లాహు అన్హా) మక్కాలో పేరున్న వ్యాపారి. లాభంలో వాటా ఇచ్చే ఒప్పందం మీద తన సరుకును మగవాళ్లకు అప్పగించి పంపేవారు. నిఖాకు ముందు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆమె సరుకు తీసుకుని షామ్ దేశానికి వెళ్లొచ్చారు. ఆమె సేవకుడు మైసరా తోడు వెళ్లాడు. ఆయన నిజాయితీ గురించి విని, ఎంచుకుని మరీ ఆమె ఆ పని అప్పగించారు. వ్యాపారంలో ఎవరితో కలిసి పనిచేయాలో ఆడమనిషి ఎంచుకోవడం మన చరిత్రలో అంత పాత విషయం.

మగవాళ్ల అడ్డాగా ఎందుకు మిగిలింది?

బ్రిటన్‌లో 2015లో లెవెల్ 20 అనే సంస్థ మొదలైంది. ఈ రంగంలో పైస్థాయి పదవుల్లో ఆడవాళ్లు 20 శాతానికి చేరాలన్నది దాని లక్ష్యం. ఆ పేరులోని 20 అదే. ఒకసారి ఆలోచించండి. సగం కాదు, మూడో వంతు కూడా కాదు, ఐదో వంతు దక్కితే చాలని ఒక సంస్థ పెట్టుకోవాల్సి వచ్చింది. పరిస్థితి ఎక్కడుందో చెప్పడానికి వేరే లెక్క అక్కర్లేదు.

కారణాలు మూడు కనిపిస్తాయి.

మొదటిది, ఆఫీసులు చిన్నవి. బ్యాంకులో వేలమంది పనిచేస్తారు, పరీక్ష పెట్టి తీసుకుంటారు. ఫండ్‌లో ఇరవై ముప్పై మంది ఉంటారు. ఖాళీలు చాలావరకు తెలిసినవాళ్ల ద్వారానే నిండుతాయి. తెలిసినవాళ్లంటే అదే కాలేజీ, అదే పాత బ్యాంకు, అదే క్రికెట్ టీం.

రెండోది, ఖాళీలు తొందరగా రావు. క్యారీ చేతికి రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది కాబట్టి పైన కూర్చున్నవాళ్లు కదలరు. ఇరవై ఏళ్ల కింద మగవాళ్లతో మొదలైన ఫండ్‌లో పైన ఈరోజు కూడా వాళ్లే ఉంటారు.

మూడోది, డీల్ అనేది కాగితం మీద పుట్టదు. కంపెనీ యజమాని తన కంపెనీ అమ్మాలనుకుంటున్నాడని ముందుగా తెలిసినవాడికే లాభం. ఆ కబురు విందుల్లో, గోల్ఫ్ మైదానాల్లో, రాత్రి పది తర్వాత హోటల్ లాబీల్లో తిరుగుతుంది. అక్కడికి పిలుపు అందనివాళ్లకు డీల్ కూడా అందదు. డీల్ తేనివాళ్లకు ప్రమోషన్ రాదు. ఎవరూ "ఆడవాళ్లు వద్దు" అని రాయనక్కర్లేదు. పిలవకపోతే చాలు.

చట్టం ఉంది కదా?

ఉంది. దాని బలం ఎంతవరకో కూడా తెలుసుకోవాలి.

పని చోట లైంగిక వేధింపుల నివారణ చట్టం 2013లో వచ్చింది. 10 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి దానికి అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో ఉండాలి. ఘటన జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు గడువు ఇవ్వవచ్చు. పదిమంది కంటే తక్కువ ఉన్న ఆఫీసు అయితే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. ఇది ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సిన విషయం. ఎందుకంటే చిన్న ఫండ్లు కొన్ని ఈ పదిమంది గీతకు కిందే ఉంటాయి.

ప్రసూతి సెలవు విషయంలో 2017 సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థల్లో పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలంది. చాలా ఫండ్లలో 50 మంది ఉండరు. కాబట్టి ఆ క్రెష్ నిబంధన అక్కడ వర్తించదు. పైగా చట్టం జీతం గురించి చెబుతుంది. క్యారీ గురించి చెప్పదు.

వేధింపు కాకుండా పక్కన పెట్టడం గురించి అయితే చట్టం మరీ బలహీనం. దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో ఎలెన్ పావ్ కేసు. కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే వెంచర్ క్యాపిటల్ ఈ రంగానికి అన్నదమ్ముల లాంటిదే. అందులో పేరుమోసిన క్లైనర్ పెర్కిన్స్ సంస్థలో ఆమె 2005లో చేరారు. ఆడమనిషిని అయినందుకే ప్రమోషన్ ఇవ్వలేదని, ఫిర్యాదు చేసినందుకు కక్ష కట్టారని 2012లో కేసు వేశారు. అదే ఏడాది ఉద్యోగం పోయింది. సంస్థ అన్ని ఆరోపణలూ ఖండించింది. మగవాళ్లు మాత్రమే వెళ్లిన ఒక మంచు విహారయాత్ర, ఒక విందు సంగతి విచారణలో ప్రస్తావనకు వచ్చింది. 2015 మార్చిలో జ్యూరీ అన్ని అంశాల్లో సంస్థ వైపే తీర్పు చెప్పింది.

ఎవరిది తప్పు అని ఇక్కడ తేల్చడం మన పని కాదు. కోర్టు తేల్చింది. మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. హార్వర్డ్‌లో లా, బిజినెస్ రెండూ చదివిన మనిషి, పెద్ద లాయర్లను పెట్టుకోగల స్తోమత ఉన్న మనిషి, ప్రపంచమంతా చూస్తుండగా మూడేళ్లు పోరాడినా కోర్టులో నిలబెట్టలేకపోయారు. పిలవని విందుకు రుజువు ఏముంటుంది? రాని ప్రమోషన్ వెనుక కారణం ఎవరు రాసి పెడతారు? చట్టం జరిగాక వస్తుంది. ఎంపిక జరగకముందే మన చేతిలో ఉంటుంది.

మన అమ్మాయిలకు రెండో గడప

ఆడపిల్ల కావడం ఒక గడప అయితే, మన పేరు రెండో గడప. 2022లో లెడ్‌బై ఫౌండేషన్ ఒక అధ్యయనం చేసింది. చదువు, అనుభవం ఒకేలా ఉన్న రెండు రెజ్యూమేలు తయారుచేసి, ఒకదానికి హిందూ అమ్మాయి పేరు, ఇంకోదానికి ముస్లిం అమ్మాయి పేరు పెట్టి 1,000 ఉద్యోగాలకు పంపింది. హిందూ పేరుకు 208 చోట్ల నుంచి సానుకూల స్పందన వచ్చింది. ముస్లిం పేరుకు 103 వచ్చాయి. దాదాపు సగం. ఫొటో లేదు, హిజాబ్ కనిపించలేదు. పేరు ఒక్కటే తేడా.

మన దేశంలో ప్రైవేట్ ఉద్యోగాల్లో మతం పేరిట వివక్షను అన్ని రకాలుగా అడ్డుకునే ఒకే సమగ్ర చట్టం లేదు. రాజ్యాంగంలోని 16వ అధికరణం హామీ ప్రభుత్వ ఉద్యోగాలకే. కాబట్టి మన అమ్మాయి తలుపు తట్టాల్సిన ఆఫీసుల సంఖ్య ఎక్కువే ఉంటుంది. ఇది అన్యాయం. ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఇన్ని చోట్ల తిరిగాక ఒక్క ఆఫర్ రాగానే "అల్హమ్దులిల్లాహ్, ఇదే దక్కింది, ఏమీ అడగొద్దు" అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే అడగాల్సినవన్నీ వదిలేస్తాం.

నిఖా సంగతి గుర్తు తెచ్చుకోండి. మహర్ ఎంతో ముందే తేల్చుకుంటాం. షరతులు ఏమైనా ఉంటే నిఖానామాలో ముందే రాయించుకుంటాం. నిఖా అయ్యాక "నా షరతులు ఇవి" అంటే ఎవరు వింటారు? ముందే అడిగినందుకు ఎవరూ ఆ అమ్మాయిని గర్విష్ఠి అనరు, తెలివైనది అంటారు. పదేళ్ల ఫండ్‌లో చేరడం కూడా అలాంటిదే. ఆఫర్ లెటర్ చేతిలో ఉండి, సంతకం ఇంకా పెట్టని ఆ వారం పది రోజులే ఆమెకు బేరం చేసే బలం అన్నింటికన్నా ఎక్కువ ఉండే సమయం.

ఏం అడగాలి? ఏం చూడాలి?

1. డీల్ టీంలో ఎంతమంది ఆడవాళ్లు? "మా సంస్థలో 40 శాతం మహిళలే" అని వెబ్‌సైట్‌లో రాసి ఉండవచ్చు. అందులో హెచ్ఆర్, అకౌంట్స్, ఇన్వెస్టర్లతో మాట్లాడే విభాగం అన్నీ కలిపి ఉంటాయి. ఆ పనులు గౌరవమైనవే. కానీ కంపెనీలు కొనేదీ, అమ్మేదీ డీల్ టీం. క్యారీలో పెద్ద వాటా వాళ్లదే. టీం పేర్లు, హోదాలు చాలావరకు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. ఒక కాగితం తీసుకుని లెక్కపెడితే అయిపోతుంది.

2. ఇన్వెస్ట్‌మెంట్ కమిటీలో ఆడమనిషి ఉందా? ఏ కంపెనీ కొనాలో చివరికి ఓటు వేసేది ఈ కమిటీ. కింద ఐదుగురు అమ్మాయిలు ఉండి, కమిటీలో ఒక్కరూ లేకపోతే ఆ మెట్లు ఎక్కడో ఆగిపోయాయని అర్థం. వేధింపుల కమిటీకి అధ్యక్షురాలు ఎవరో కూడా అడగండి. ఆఫీసులో సీనియర్ మహిళే లేకపోతే సంస్థకు చెందిన వేరే ఆఫీసు నుంచి తేవచ్చని చట్టం అంటుంది. అలా తెచ్చుకున్నారంటే ఈ ఆఫీసులో పైన ఆడవాళ్లు లేరని వాళ్లే ఒప్పుకున్నట్టు.

3. క్యారీ ఎప్పుడు మొదలవుతుంది, ఎన్నేళ్లకు పూర్తిగా సొంతం అవుతుంది? క్యారీ ఒకేసారి సొంతం కాదు. ఏడాదికి ఇంత అని లెక్క కడతారు. మధ్యలో మానేస్తే మిగతాది పోతుంది. కొన్ని ఒప్పందాల్లో సంపాదించింది కూడా పోయే షరతులు ఉంటాయి. ప్రసూతి సెలవులో ఉన్న 26 వారాలు ఈ లెక్కలో కలుస్తాయా, గడియారం ఆగిపోతుందా? ఇది సూటిగా అడిగి రాతలో తీసుకోవాలి. మాట మీద నమ్మకం ఉంచుకోవచ్చు, కాగితం కూడా ఉంచుకోవాలి. గడువు పెట్టుకున్న అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోమని మనకు ఖుర్ఆన్ నేర్పిన పద్ధతే అది.

4. ఫండ్ వయసు ఎంత? కొత్త ఫండ్ మొదలైన ఏడాదిలో చేరితే కొనడం నుంచి అమ్మడం దాకా అన్నీ నేర్చుకోవచ్చు, క్యారీలో చోటు దొరకవచ్చు. ఆరో ఏడో ఏడాదిలో ఉన్న ఫండ్‌లో చేరితే కొనే పని అయిపోయి ఉంటుంది, క్యారీ పంపకం కూడా అయిపోయి ఉంటుంది. తర్వాతి ఫండ్‌కు డబ్బు రాకపోతే ఉద్యోగమే ఉండకపోవచ్చు.

5. వెళ్లిపోయిన ఆడవాళ్లు ఎందుకు వెళ్లారు? అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. ఇప్పుడు ఉన్నవాళ్లు మంచే చెబుతారు, చెప్పక తప్పదు. గత ఐదారేళ్లలో మానేసిన ఇద్దరు ముగ్గురు మహిళలను లింక్డ్‌ఇన్‌లో వెతికి, సలాం చెప్పి, పది నిమిషాలు మాట్లాడితే వెబ్‌సైట్ చెప్పనిది తెలుస్తుంది. సంబంధం చూసేటప్పుడు పక్కింటివాళ్లని అడగమా? అదే పద్ధతి.

6. పనితీరు ఎలా ఉంటుంది? నెలలో ఎన్ని రోజులు ఊరు తిరగాలి, ఒంటరిగానా టీంతోనా, బస ఎక్కడ, రాత్రి ఆలస్యమైతే కారు ఉంటుందా? మందు పెట్టే విందులకు వెళ్లకపోతే పని ఆగుతుందా? మీటింగ్‌ల మధ్య జుహర్, అసర్ నమాజ్‌కు పది నిమిషాలు దొరుకుతాయా? హిజాబ్‌తో క్లయింట్ ముందు కూర్చోవడానికి ఎవరికైనా ఇబ్బందా? ఇవి సిగ్గుపడాల్సిన ప్రశ్నలు కావు. జవాబు కంటే జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖం ఎలా ఉందో చూస్తే సగం విషయం తెలిసిపోతుంది.

ఆరు ప్రశ్నలకూ మంచి జవాబు వచ్చే ఆఫీసు దొరకడం కష్టం. మూడు నాలుగింటికి వచ్చినా చాలు. కానీ రెండోది, మూడోది, ఐదోది ఈ మూడింటిలోనూ చెడు జవాబే వస్తే ఎంత పెద్ద పేరున్న సంస్థ అయినా ఇంకోసారి ఆలోచించాలి.

హలాల్ సంగతి

మన ఇళ్లలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. వాటా కొని లాభనష్టాలు పంచుకోవడం వరకు వ్యాపారమే. చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, అమెరికా, యూరప్‌లలో చాలా డీల్స్ పెద్ద మొత్తంలో వడ్డీ అప్పు తెచ్చి చేస్తారు. ఆ అప్పు కొన్న కంపెనీ నెత్తినే పడుతుంది. మన దేశంలో షేర్లు కొని కంపెనీలు స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకులు అప్పు ఇవ్వడంపై రిజర్వ్ బ్యాంకు చాలాకాలం గట్టి ఆంక్షలు ఉంచింది. అందుకే ఇక్కడ ఎదిగే కంపెనీల్లో నేరుగా వాటా పెట్టే డీల్స్ ఎక్కువగా చూశాం. రెండోది, డబ్బు ఎక్కడ పెడుతున్నారన్నది. ఆస్పత్రి, మందుల కంపెనీ, సాఫ్ట్‌వేర్ వేరు. వడ్డీ వ్యాపారం చేసే ఫైనాన్స్ కంపెనీలు, మద్యం, జూదం యాప్‌లు వేరు.

కాబట్టి "ప్రైవేట్ ఈక్విటీ హలాలా హరామా" అని ఒక్క ముక్కలో అడిగితే ముఫ్తీ సాహెబ్ కూడా ఒక్క ముక్కలో చెప్పలేరు. ఈ ఫండ్ గత ఐదేళ్లలో వేటిలో పెట్టింది, అప్పు ఎంత వాడింది అని కాగితం తీసుకెళ్లి అడగాలి. పెట్టుబడుల జాబితా చాలా ఫండ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఆరోగ్యం, విద్య, టెక్నాలజీ లాంటి రంగాలకే పరిమితమైన ఫండ్లు ఉన్నాయి. గల్ఫ్‌లో షరియా బోర్డు పెట్టుకుని నడిచే ఫండ్లూ ఉన్నాయి. ఆఫీసు ఎంచుకోవడంలో ఇది కూడా ఒక భాగమే.

ముందు నడిచినవాళ్లు

ఈ దారిలో నడిచినవాళ్లు లేకపోలేదు. రేణుకా రామ్‌నాథ్ ఐసీఐసీఐ వెంచర్‌కు నాయకత్వం వహించి, 2009లో ముంబైలో మల్టిపుల్స్ అనే సొంత ప్రైవేట్ ఈక్విటీ సంస్థ పెట్టారు. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన వాణీ కోలా అమెరికాలో కంపెనీలు స్థాపించి, 2006లో దేశానికి తిరిగొచ్చి, బెంగళూరులో కలారి క్యాపిటల్‌ను నిలబెట్టారు. ఒమన్‌కు చెందిన హుదా అల్ లవాతీ ఒకప్పుడు మన కేర్ ఆస్పత్రుల్లో వాటా ఉన్న అబ్రాజ్‌లోనే ఏళ్లపాటు పనిచేశారు. ఆ సంస్థ కూలిపోయినా ఆమె కెరీర్ కూలలేదు. తర్వాత అబూధాబీలో అలిఫ్ క్యాపిటల్ అనే సొంత సంస్థ ప్రారంభించారు. సౌదీలో సారా అల్ సుహైమీ ఒక పెట్టుబడి సంస్థను నడిపి, 2017లో ఆ దేశ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ తదావుల్‌కు అధ్యక్షురాలయ్యారు.

వీళ్ల దారులు వేరు. కానీ ఒక పోలిక ఉంది. పెద్ద నిర్ణయాలు జరిగే చోట, లేదా సొంత నిర్ణయాల మీదే నడవాల్సిన చోట ముందుగా పని నేర్చుకున్నారు. ఆ అనుభవం మీదే తర్వాతి మెట్టు కట్టుకున్నారు. సంస్థ పేరు పోవచ్చు, మూతపడవచ్చు. చేసిన డీల్స్ అనుభవం మాత్రం మనిషితోనే ఉంటుంది. అందుకే మొదటి ఉద్యోగంలో జీతం రెండు లక్షలు తక్కువైనా డీల్స్ మీద కూర్చోబెట్టే చోటు మేలు.

ఇంటివాళ్లు చేయగలిగింది

2006లో సచార్ కమిటీ నివేదిక ముస్లిం మహిళలు ఉద్యోగ రంగంలో ఎంత వెనకబడి ఉన్నారో లెక్కలతో చూపించింది. ఆ వెనకబాటుకు బయటి గోడలు ఉన్నాయి, లోపలి గోడలూ ఉన్నాయి. బయటివి మనం ఒక్కరోజులో కూల్చలేం. లోపలివి మన చేతిలో ఉన్నాయి.

ఖర్చు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. ఈ రంగంలోకి ఐఐఎం దారి ఒక్కటే కాదు. సీఏ చేసి, ఆర్టికల్‌షిప్ పెద్ద ఆడిట్ సంస్థలో పూర్తిచేసి, కంపెనీల లెక్కలు తవ్వి చూసే డ్యూ డిలిజెన్స్ విభాగంలో రెండు మూడేళ్లు పనిచేసి ఫండ్లలోకి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. సీఏ ఫీజు పెద్ద ఎంబీఏ ఫీజు ముందు చాలా తక్కువ. హైదరాబాద్‌లోనే గోల్డ్‌మన్ శాక్స్, డీఈ షా లాంటి సంస్థల ఆఫీసులు ఉన్నాయి. ఇల్లు వదలకుండానే మొదటి రెండేళ్లు ఆర్థిక రంగంలో అడుగుపెట్టవచ్చు. కానీ డీల్ టీంలు ఎక్కువగా ముంబైలో ఉంటాయి కాబట్టి ఎప్పుడో ఒకరోజు ఆ ప్రయాణం గురించి మాట్లాడుకోక తప్పదు.

ఆ మాట వచ్చినప్పుడు అబ్బా, అమ్మీ, భాయీలు చేయగల మేలు ఒకటే. "వద్దు" అని తలుపు వేసేయకుండా, "నీ ఇష్టం" అని చేతులు దులుపుకోకుండా, ఆమెతో పాటు కూర్చుని పైన చెప్పిన ఆరు ప్రశ్నలూ కాగితం మీద రాయండి. ముంబైలో మనవాళ్లు ఎవరున్నారో, హాస్టల్ ఎక్కడ మంచిదో కనుక్కోండి. ఆఫర్ లెటర్ అర్థం కాకపోతే తెలిసిన లాయర్‌కి చూపించండి. సంబంధం మాట్లాడేటప్పుడు ఆమె ఉద్యోగం ఎలాంటిదో, ఎన్ని రోజులు ఊళ్లు తిరగాలో అబ్బాయివాళ్లకు దాచకుండా చెప్పండి. తర్వాత మానిపించాల్సి వస్తే పోయేది జీతం ఒక్కటే కాదు. ఇంకా సొంతం కాని క్యారీ కూడా పోతుంది.

మగవాళ్లతో నిండిన రంగం అని దూరం పెడితే ఆ రంగం అలాగే ఉండిపోతుంది. కళ్లు మూసుకుని ఏదో ఒక ఆఫీసులో చేరిస్తే మన అమ్మాయి రెండేళ్లలో విసిగి తిరిగొస్తుంది. ఆమెను చూసి ఇంకో పది ఇళ్లు భయపడతాయి. ఎంచి చేరిన అమ్మాయి నిలబడుతుంది. ఏదో ఒకరోజు ఇన్వెస్ట్‌మెంట్ కమిటీలో ఓటు వేసేది ఆమే అవుతుంది. అప్పుడు ఇంకో అమ్మాయి అదే ఆఫీసుకు వచ్చి "ఇక్కడ పైన ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే, ఉన్నారని చెప్పడానికి ఒక పేరు ఉంటుంది, ఇన్‌షా అల్లాహ్.